తూర్పు గాలి గంటలు

వీధిలో అందరూ ఆయన్ని సీసాల మాస్టారు అనేవాళ్ళు. నిజానికి ఆయన ఎవరికీ ఒక్క పాఠం చెప్పిన పాపాన పోలేదు. ఇరవై ఆరేళ్ళుగా వారానికి రెండుసార్లు, గాజు సీసాలున్న చెక్కపెట్టె భుజాన వేసుకుని ఊరికి పడమటనున్న కొండ ఎక్కి దిగుతూ ఉండటంతో ఆ పేరు పడిపోయింది. ఎక్కేటప్పుడు సీసాలు ఖాళీగా ఉండేవి. దిగేటప్పుడు కూడా చూసేవాళ్ళ కంటికి ఖాళీగానే ఉండేవి.

"ఏం మాస్టారూ, ఇవాళ సరుకెంత దొరికింది?" అని దారిలో టీకొట్టు ఆయన అడిగేవాడు.

"రెండు సీసాల నిండా" అని ఈయన చెప్పేవాడు.

ప్రతిసారీ అదే ప్రశ్న, అదే జవాబు. ఇద్దరికీ అది నమస్కారం లాంటిది.

కొండ మీద ఒక సిమెంటు గది, దాని పక్కన ఇనుప టవరు ఉండేవి. టవరు కొసనుంచి సన్నటి గొట్టం గాలిని గదిలోకి లాక్కొచ్చేది. లోపల ఒక యంత్రం ఆ గాలిలో బొగ్గుపులుసు వాయువు ఎంత ఉందో, మీథేన్ ఎంత ఉందో నిమిషానికోసారి లెక్కపెట్టేది. భూమిని వేడెక్కించే వాయువులు ఎక్కడ పుట్టి ఎటు పోతున్నాయో తెలుసుకోవాలంటే ఇలాంటి స్టేషన్లు లోకమంతటా ఉండాలట. వాటిలో ఇదొకటి. యంత్రానికి సాక్ష్యంగా సీసాల్లో కూడా గాలి పట్టి, దూరాన ఉన్న నగరంలోని ల్యాబుకు పంపాలి.

సీసా నింపడం తేలికైన పనేమీ కాదు. మనిషి వదిలే ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు బయటి గాలిలో కన్నా నూరు రెట్లు ఉంటుంది. ఒక్క ఊపిరి కలిసిందంటే ఆ సీసా పనికిరాదు. అందుకని ఆయన పది అడుగులు వెనక్కి వెళ్ళి గుండెలనిండా గాలి పీల్చుకునేవాడు. ఊపిరి బిగబట్టి గాలికి ఎదురుగా నడిచొచ్చి, సీసా మర తిప్పి, మళ్ళీ అలాగే వెనక్కి వెళ్ళి అప్పుడు వదిలేవాడు. ఇరవై ఆరేళ్ళు అలా చేసేసరికి అది ఒంటికి అంటుకుపోయింది. డాక్టరు ఏదైనా చెప్పబోయినా, చుట్టాలు గొంతు పెంచినా ఆయన ఊపిరి దానంతటదే ఆగిపోయేది.

"ఊపిరి బిగబట్టడానికి జీతమిచ్చే ఉద్యోగం మా ఆయనొక్కడికే దొరికింది. ఇక మాట్లాడమంటే ఎలా మాట్లాడతాడు?" అనేది ఆయన భార్య.

ఆ స్టేషన్‌ని నెలకొల్పిన మనిషిని అందరూ పెద్దసారు అనేవాళ్ళు. డిగ్రీ సగంలో వదిలేసిన ఈయన్ని ఉద్యోగంలోకి తీసుకున్నదీ, యంత్రం దగ్గర కూర్చోబెట్టి పని నేర్పిందీ ఆయనే. మొదటి రోజే ఒక మాట చెప్పాడు. "చూడవయ్యా, మనం ఇక్కడ కొలిచేది లోకం గాలి. ఊరి మురికి కాదు. పడమటి గాలి వీచినప్పుడు వచ్చే అంకెలే మనకు కావాలి. తూర్పు నుంచి వీచిందా, అది ఊరి మీదుగా వచ్చిన గాలి. ఆ గంటల్ని లెక్కలోంచి తప్పించు."

తప్పించడమంటే రిజిస్టరులో ఆ గంటకు ఎదురుగా ఎర్ర పెన్సిలుతో 'తూ' అని రాయడం. ఒకసారి ఆయన చెల్లెలు కొండ మీదికొచ్చి ఆ పేజీలు తిరగేసి పడీపడీ నవ్వింది. "ఏంటన్నయ్యా, ఊరందరి మీదా ఇలా తూ తూ అని ఉమ్మేస్తున్నావు? మేమేం చేశాం నిన్ను?"

అందరికన్నా చిన్నదైన ఆ చెల్లెలంటే ఆయనకు ప్రాణం. మిగతా బంధువులంతా ఆయన పని గురించి ఒకసారి అడిగి మానేసినవాళ్ళే. ఆమె మాత్రం పెళ్ళికి ముందు నాలుగైదు సార్లు ఆయన వెంట కొండెక్కింది. వందకోట్ల పాళ్ళ గాలిలో పందొమ్మిది వందల పాళ్ళు మీథేన్ ఉంటుందని ఆయన చెబితే, "ఆ పందొమ్మిది వందలూ నీకు పేరుపేరునా తెలిసే ఉంటాయిలే" అంది.

పెద్దసారు చెప్పినదానికి ఈయన సొంతంగా ఇంకొకటి చేర్చాడు. యంత్రానికి తగిలించిన కంప్యూటరు పాతది, నెల తిరిగేసరికి నిండిపోయేది. అందుకని నెలాఖరున కూర్చుని, తూ పెట్టిన గంటలన్నిటినీ పూర్తిగా తుడిచేసి, మిగిలిన శుభ్రమైన దస్త్రాన్ని ల్యాబుకు పంపేవాడు. అలా చేయమని ఎవరూ చెప్పలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. పదేళ్ళ తర్వాత ల్యాబువాళ్ళు, అన్ని స్టేషన్లలోకీ శుభ్రమైన దస్త్రాలు మీవేనని ఒక ప్రశంసాపత్రం పంపించారు. భార్య దానికి అద్దం కట్టించి ముందుగదిలో తగిలించింది. ఎవరైనా వస్తే ఆయన అటువైపు చూడనట్టు కూర్చునేవాడు గానీ, వాళ్ళు చూశారా లేదా అని మాత్రం చూసుకునేవాడు.

చెల్లెలి ఇల్లు ఊరికి తూర్పు అంచున, ఒకప్పటి రాళ్ళ క్వారీ పక్కన ఉండేది. రాయి అయిపోయాక ఆ గుంటలో నలభై ఏళ్ళపాటు ఊరి చెత్తంతా పోశారు. నిండాక మట్టి కప్పి, పచ్చిక పెంచి, బెంచీలు వేసి పార్కు చేశారు. లోపల కుళ్ళే చెత్తనుంచి పుట్టే గ్యాసును గొట్టాలతో తోడి కాల్చేయడానికి ఒక మూల పంపు పెట్టారు. సాయంత్రాలు చెల్లెలి మామగారు ఆ పార్కులోనే నడిచేవాడు.

ఒక శుక్రవారం పొద్దున ఆ పెద్దాయన సుత్తి కోసమని మెట్ల కింది సామాను గదిలోకి వెళ్ళి లైటు స్విచ్చి వేశాడు. గది పేలిపోయింది. మెట్లు కూలాయి. మూడు రోజులు ఆస్పత్రిలో ఉండి ఆయన కన్నుమూశాడు.

సామాను గది వంటింటిని ఆనుకుని ఉంటుంది. ఆ పొద్దున చివరిసారి పొయ్యి వెలిగించింది చెల్లెలు. "సిలిండరు గ్యాసు లీకై ఉంటుంది" అని అగ్నిమాపక శాఖవాళ్ళు ఒక వాక్యం రాసి పోయారు. మిగిలిన వాక్యాలన్నీ ఆమె ఆడపడుచు పూర్తిచేసింది.

"ధ్యాసెక్కడో పెట్టుకుని పొయ్యి కట్టకుండా వదిలేసింది. మా నాన్నను చేతులారా చంపినట్టయింది" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పింది.

"కట్టాను వదినా. రెండుసార్లు చూసుకున్నాను."

"కడితే గ్యాసు ఆకాశంలోంచి ఊడిపడిందా?"

చెల్లెలి భర్త మంచివాడు. భార్యను ఒక్క మాట అనలేదు. అసలు మాట్లాడటమే మానేశాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆమెను పొయ్యి ముట్టనివ్వలేదు. ఆడపడుచే వచ్చి వండి పెట్టేది. చెల్లెలు తన ఇంట్లోనే, తన వంటింటి గుమ్మం బయట నిలబడి చూసేది.

మాస్టారు ఆస్పత్రికీ ఇంటికీ తిరిగాడు. పెద్దాయన చనిపోయిన ఆ సోమవారమే నెలాఖరు. దహనం పనులన్నీ ముగిశాక సాయంత్రం ఆయన కొండెక్కి, ఎప్పటిలాగే తూ గంటలు తుడిచేసి, దస్త్రం పంపి దిగాడు. ఆ పూటకు మానేసినా అడిగేవాళ్ళు లేరు. కానీ ఇరవై ఆరేళ్ళలో నెలాఖరు తప్పలేదు కదా అనుకున్నాడు. మీథేన్ అనేది ఆయనకు కొండ మీది మాట. చెల్లెలి ఇంటి మాట అని అప్పటికి తోచలేదు.

తోచింది పదకొండో రోజున. చెల్లెలింటికి వెళ్తూ పార్కు గేటు దగ్గర ఆగితే, పంపు చూసుకునే మనిషి బీడీ పారేసి దగ్గరికొచ్చాడు.

"మీరు వాళ్ళ బంధువులే కదండీ? ఆ పెద్దాయన రోజూ నన్ను పలకరించేవాడు." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పంపు పన్నెండు రోజులు ఆగిపోయిందండి. ఇల్లు పేలిన మర్నాడు గబగబా కొత్త మోటారు తెచ్చి పెట్టారు. లాగ్ బుక్కులో మాత్రం రోజూ నడిచినట్టే ఉంటుంది. నేను చెప్పానని మాత్రం ఎక్కడా అనకండి. నాకు ఇద్దరు పిల్లలు."

మాస్టారు అక్కడే బెంచీ మీద కూలబడ్డాడు. గుంట గ్యాసు మీథేన్. వంట సిలిండరులో ఉండేది మీథేన్ కాదు, వేరే. ఈ రెండిటికీ తేడా తెలిసిన యంత్రం ఊళ్ళో ఒక్కటే ఉంది, అది తన కొండ మీదే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. ఇల్లు పేలిన ఆ వారంలోనే ఒక తెల్లవారుజామున తెర మీద మూడువేల నాలుగువందల పన్నెండు అనే అంకె చూశాడు. అంత పెద్ద అంకె ఎన్నడూ చూడలేదు. 'అబ్బ, ఎంత కంపు ఊరిది!' అనుకుని, తూ పెట్టి, ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నాడు.

మర్నాడు ల్యాబుకు ఫోను చేశాడు. రెండు రోజుల్లో ఒక పరిశోధకురాలు వచ్చింది. సన్నగా, పొట్టిగా, తన బరువంత బ్యాగుతో ఉంది. కొండెక్కి ఆయాసపడుతూనే పని మొదలుపెట్టింది. ఆమె పని గాలిని వెనక్కి నడిపించడం. ఫలానా గంటకు టవరును తాకిన గాలి అంతకు గంట ముందు ఎక్కడుంది, రెండు గంటల ముందు ఏ నేల మీదుగా దొర్లుకుంటూ వచ్చింది అని కంప్యూటరులో లెక్కకట్టి, గ్యాసు పుట్టిన చోటు పట్టుకుంటుంది.

"మీరు భలే గుర్తించారు సార్! ఆ వారం తుఫాను దగ్గరికొచ్చింది కదా, వాతావరణ పీడనం దబ్బున పడిపోయింది. అలాంటప్పుడు నేలలో ఉన్న గ్యాసు మామూలుకన్నా ఎక్కువగా పైకి తన్నుకొస్తుంది. పంపు కూడా ఆగితే ఇక చెప్పేదేముంది? పగుళ్ళు ఎక్కడుంటే అక్కడికి పోతుంది. ఆ వారం దస్త్రం ఇవ్వండి, సాయంత్రానికి చెప్పేస్తా."

ఆయన ఇచ్చాడు. ఆమె చాలాసేపు చూసింది.

"ఇది శుభ్రం చేసింది సార్. అసలుది కావాలి."

"అదేనమ్మా అసలుది."

"కాదు సార్, తూర్పు గాలి గంటలు తీసేయకముందుది."

ఆయన రిజిస్టరు తెరిచి, ఎర్ర 'తూ'లున్న పేజీ ఆమె ముందు పెట్టాడు. ఆమెకు మెల్లగా అర్థమైంది. గట్టిగా అనడం చేతకాని పిల్ల, అందుకని నెమ్మదిగానే అంది. "రూల్ బుక్కులో గుర్తు పెట్టమనే ఉంది సార్. తుడిచేయమని లేదు."

"ఇరవై ఆరేళ్ళ నుంచీ తుడుస్తున్నానమ్మా."

"మాకు తెలీదు సార్. మీ దస్త్రాలు ఎప్పుడూ బావుంటాయని ఎవరూ అడగలేదు."

తుడిచేసినవాటిని కంప్యూటరులోంచి తిరిగి తీయగల మనిషి నగరంలో ఉన్నాడని ఆమె అంటే, డిస్కు ఊడదీసి ఆమె చేతికే ఇచ్చి పంపి, దాని చోట కొత్తది పెట్టాడు. వారానికి కబురొచ్చింది. ఆ చోట్లో కొత్త అంకెలు పడిపోయాయి, పాతవి ఇక రావు.

ఆ వారం రోజులూ మాస్టారు గదిలోంచి కదల్లేదు, తూర్పు గంటల్ని తుడవడం కూడా మానేశాడు. ఇప్పుడైనా దొరుకుతుందేమోనని తూర్పు గాలి వీచిన ప్రతి గంటా కళ్ళల్లో వత్తులు వేసుకుని చూశాడు. పందొమ్మిది వందల ఎనభై, పందొమ్మిది వందల తొంభై... కొత్త మోటారు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. గుంట బుద్ధిగా ఉంది.

మిగిలింది ఆయనకు గుర్తున్న ఆ ఒక్క అంకె. పరిశోధకురాలు ఫోనులో చెప్పింది. "అది ఏ రోజు చూశారో చెప్పగలరా సార్? బుధవారం తెల్లవారుజామున గాలి ఈశాన్యం నుంచి, పశువుల కొట్టాల మీదుగా వచ్చింది. అక్కడా మీథేన్ పుడుతుంది, కాబట్టి గుంటదే అని గట్టిగా అనలేం. గురువారమైతే మాత్రం నేరుగా గుంట మీదుగానే వచ్చింది, దారిలో మీథేన్ పుట్టే చోటు ఇంకేదీ లేదు. గురువారమని మీరు చెబితే నేను లెక్కకట్టి రాసిస్తాను. మీ మాటంటే మా ల్యాబంతా నమ్ముతుంది."

ఆయన రిజిస్టరు తీశాడు. తుఫాను వారమని ఆ రెండు రాత్రులూ కొండ మీదే ఉన్నాడు. రెండు రోజులకూ తెల్లవారుజాము గంటలకెదురుగా ఒకే ఎర్ర అక్షరం ఉంది, ఒకే దస్తూరీలో. కళ్ళు మూసుకుంటే అంకె కనిపిస్తుంది, టీ గ్లాసు కనిపిస్తుంది. రోజు కనిపించదు.

గుంట మీద అనుమానం ఉందని ఆయన పెట్టిన అర్జీ మీద మున్సిపల్ ఆఫీసులో విచారణ పెట్టారు. దానికి ముందు రోజు ఈ సంగతంతా చెల్లెలికి చెప్పాడు. తన ఇంటికి పిలిపించి, ముందుగదిలో కూర్చోబెట్టి చెప్పాడు. తుడిచేసిన సంగతిని ఆమె దాటేసింది.

"గురువారమే అయ్యుంటుంది కదన్నయ్యా?" అంది.

"అయ్యుండొచ్చు."

"ఇల్లు పేలింది శుక్రవారం. గ్యాసు గురువారమే కదా ఎక్కువగా ఉంటుంది?"

"అవును, ఉండాలి."

"మరింకేం?"

"ఉండాలి అనడం వేరు తల్లీ, చూశాను అనడం వేరు."

భార్య టీ తెచ్చిపెడుతూ కోపంగా అంది. "ఏం వేరండీ? అది పొయ్యి కట్టిందని మీకు తెలుసు, పంపు ఆగిందని తెలుసు. అన్నీ తెలిసిన మనిషికి ఒక్క వారం పేరు నోట్లోంచి రాదా?"

"వస్తుందిలే వదినా" అంది చెల్లెలు. "అన్నయ్య గురించి నాకు తెలీదా?"

మున్సిపల్ ఆఫీసు మేడమీది గదిలో విచారణ జరిగింది. పొడుగాటి బల్ల, దానికి అటువైపు విచారణాధికారి, ఇటువైపు మున్సిపల్ ఇంజినీరు. గోడవారన కుర్చీల్లో చెల్లెలు, ఆమె భర్త, ఆడపడుచు. ఇంజినీరు ముందుగా పంపు లాగ్ బుక్కు పెట్టాడు. ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా, ఒకే సిరాతో నింపి ఉంది. తర్వాత ఇంకో కాగితం తీశాడు.

"సార్, ఇవి కొండ మీది స్టేషన్ వాళ్ళ కొలతలు. మేమే అడిగి తెప్పించుకున్నాం. గత రెండు నెలల్లో తూర్పు నుంచి వీచిన గాలిలో మీథేన్ మామూలుగానే ఉంది. గుంట నుంచి లీకు లేదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?"

ఆ కాగితం కింద మాస్టారి సంతకం ఉంది. ల్యాబు అడిగితే పంపినవే అవి. ఉన్నదున్నట్టు, పొల్లుపోకుండా.

విచారణాధికారి మాస్టారి వైపు తిరిగాడు. "ఈ అంకెలు మీవేనా?"

"నావేనండి. కానీ అవి మోటారు మార్చాక తీసినవి."

"మోటారు మార్చినట్టు ఎక్కడా లేదే. అంతకు ముందువి ఉన్నాయా?"

"లేవండి. అప్పటిదాకా తూర్పు గాలి గంటలు నేను తీసేసేవాణ్ణండి."

"ఎందుకు?"

"మేం కొలిచేది లోకం గాలండి. ఊరిది కాదు."

ఇంజినీరు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. విచారణాధికారి మాత్రం నవ్వలేదు, ఓపికగానే అడిగాడు. "ఏదో పెద్ద అంకె చూశానని అర్జీలో రాశారు. ఏ రోజు చూశారు?"

మాస్టారి ఊపిరి ఆగిపోయింది. గోడవారన చెల్లెలు కుర్చీ అంచుకు జరిగి కూర్చుంది. గురువారం. నాలుగు అక్షరాలు. ఆ మాట అనేస్తే అడ్డం చెప్పేవాళ్ళెవరూ లేరు. పశువుల కొట్టాల సంగతి ఈ గదిలో ఎవరికీ తెలియదు. ఆయన నోరు తెరిచాడు. బుధవారం పొద్దున టీ చల్లారిపోయిందని విసుక్కున్నట్టు జ్ఞాపకం. అది బుధవారమేనా? అంకె చూసింది అప్పుడేనా, మర్నాడా?

"బుధవారమో గురువారమో చెప్పలేనండి."

"ఏదో ఒకటి గట్టిగా చెప్పండి."

"గట్టిగా చెప్పలేనండి."

"అంటే, ఆ అంకె గుంట నుంచే వచ్చిందని మీరు చెప్పలేరన్నమాట. అంతేనా?"

"చెప్పలేనండి."

గుమాస్తా ఆ మాట రాసుకున్నాడు. దాని పక్కనే లాగ్ బుక్కును, రెండు నెలల కొలతలను చేర్చుకున్నాడు. ప్రమాదానికి కారణం వంటింటి సిలిండరు కావచ్చునని, నిర్లక్ష్యాన్ని తోసిపుచ్చలేమని చదివి, విచారణ ముగించారు. పావుగంట కూడా పట్టలేదు.

మెట్ల దగ్గర చెల్లెలి భర్త ఆయన్ని ఆపాడు. రెండు చేతులూ పట్టుకున్నాడు. రెండు నెలల్లో ఆ మనిషి గొంతు వినడం అదే మొదటిసారి.

"బావగారూ, సొంత చెల్లెలి విషయంలో కూడా మీరు లేని మాట చెప్పలేదు. మా అక్క కూడా అదే అంటోంది. మీలాంటి మనిషి అన్నాక ఇక మాకు ఏ అనుమానమూ లేదు."

"అది కాదు బావగారూ... నేను అన్నదానికి అర్థం..."

"నాకు అర్థమైంది. ఏదో జరిగిపోయింది. దాన్ని మేమేమీ అనం. మీరు నిశ్చింతగా ఉండండి."

బావగారు ఆటో పిలవడానికి కిందికి వెళ్ళాడు. ఆడపడుచు నమస్కారం పెట్టి వెనకాలే దిగింది. చెల్లెలు మాత్రం మెట్ల మీద ఆగింది. ఆమె మొహంలో కోపం ఉంటే బావుండుననిపించింది మాస్టారికి.

"గురువారం అనలేకపోయావా అన్నయ్యా?"

"తెలీదు తల్లీ. నిజంగా తెలీదు."

"నాకు తెలుసు నీకు తెలీదని." చీర కొంగు భుజం చుట్టూ లాక్కుంది. "పొయ్యి కట్టానని నేను ఎన్నాళ్ళు అరిచినా ఎవరూ నమ్మేవాళ్ళు కాదేమో. కానీ లోపల ఎక్కడో ఒక అనుమానం ఉండేది వాళ్ళకి, ఏమో, ఇది చెప్పేది నిజమేనేమోనని. దాని మీదే బతికాను ఇన్నాళ్ళూ. ఇవాళ నువ్వొచ్చి అది కూడా తీసేశావు."

కింద ఆటో హారను కొట్టింది.

"కొన్నాళ్ళు మా ఇంటికి రాకన్నయ్యా. వస్తే వాళ్ళు నీకు మర్యాద చేస్తారు. అది నేను చూడలేను."

ఆమె దిగి వెళ్ళి ఆటోలో ఆడపడుచు పక్కన ఒదిగి కూర్చుంది. ముందు సీట్లోంచి బావగారు తల బయటపెట్టి, గౌరవంగా చెయ్యెత్తి నమస్కారం చేశాడు. మాస్టారు కూడా చెయ్యెత్తక తప్పలేదు.